మరక నాదే

మా చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్ ఎవరు కుట్టినా, చేతులు ఎవరు కుట్టినా, ప్రతి చొక్కా ఒక మనిషి చేతుల్లోంచి వెళ్ళాల్సిందే. గుండీ పట్టడానికి చొక్కా ముందు పట్టీ మీద నిలువుగా చీల్చి చుట్టూ దారం అల్లే చిన్న కన్నాన్ని కాజా అంటారు. హాలు మొత్తానికి కాజా మిషను ఒక్కటే. ఇరవై రెండేళ్ళుగా దాని మీద ఆవిడే. ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండిపోయింది. మా అందరికీ ఆవిడ కాజాలక్క.

నేను ఆవిడ పక్కన గుండీలు కుట్టేదాన్ని. ఆవిడ కాజాలు తీసి చొక్కా ఇటు తోస్తే నేను గుండీలు పెట్టి ఇస్త్రీ బల్ల వైపు తోసేదాన్ని. పదకొండేళ్ళు మోచేతులు తగులుతూ పనిచేశాం కనక ఆవిడ గురించి చెప్పే హక్కు నాకు కొంత ఉందనుకుంటాను.

పొట్టి మనిషి. మోకాళ్ళ నొప్పులు. మాట తక్కువ, ఆ తక్కువలో సగం చురకలే. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఒకసారి ఆవిడ వెనక నిలబడి, గడియారం చూసుకుంటూ, కాజాకి ఎన్ని క్షణాలు పడుతోందో లెక్కపెట్టాడు. ఆవిడ వెనక్కి తిరగకుండానే, వాచీ ఒక ఇరవై ఏళ్ళు వెనక్కి తిప్పుకోండి సార్, ఇంకా బాగా కనిపిస్తాను అంది. ఆయన ఆ తర్వాత ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆవిడ భర్త బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. ఇంట్లో అత్తగారు, నర్సు చదువు చదివే కూతురు. నవ్వించడం వచ్చినా గొడవ పడడం మాత్రం ఆవిడకి గిట్టేది కాదు. ఎక్కడైనా గొంతులు లేస్తే దారం ఉండ వెతుక్కునే మిషతో కిందికి వంగేది. ఈ మనిషి ఒకరోజు ఫ్యాక్టరీ మొత్తానికి ఎదురు నిలబడుతుందని ఎవరన్నా చెప్పి ఉంటే మాకంటే ముందు ఆవిడే నవ్వేది.

నగరం మధ్యలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒక పేట మొత్తం లేచిపోయింది. ఆ పేటవాళ్ళకి రైలు పట్టాల అవతల రేకుల షెడ్లు వేసి ఇచ్చారు. ఆ ఏడాదే మాకు పెద్ద ఆర్డరు వచ్చింది. హాల్లో రెండో లైను వేసి, కుట్టుపని వచ్చిన ఆడవాళ్ళని ఆ షెడ్లలోంచి పద్నాలుగు మందిని ఒకేసారి తీసుకున్నారు. మా లైను కిటికీల వైపు, వాళ్ళది గోడ వైపు. రెండు లైన్లూ చొక్కాలే కుడతాయి. మధ్యలో నాలుగడుగుల దారి. దారి చివర, రెండు లైన్లకీ ఉమ్మడిగా, కాజా మిషనూ నా బల్లా.

వాళ్ళు మాట్లాడేదీ మా మాటే, కట్టుకునేదీ మేం కట్టుకునే బట్టలే. వాళ్ళలో ఇద్దరు అంతకు ముందు ఏడాది దాకా మా వీధి చివరి కొట్టులోనే సరుకులు కొనేవాళ్ళు. అయినా వారం తిరక్కుండా వాళ్ళకి పేరు పడిపోయింది: అవతలివాళ్ళు. పేరు పడ్డాక దానికి తగ్గ కథలు రావడానికి ఎంతసేపు? వాళ్ళ డబ్బాలు వాసన కొడతాయట. ఒకరి దువ్వెన ఒకరు వాడతారట. ఏదో మిల్లులో వాళ్ళని పెట్టుకుంటే ఏడాదిలో ఆ మిల్లు మూతపడిందట. ఏ మిల్లు అంటే చెప్పేవాళ్ళు లేరు. చెప్పినావిడ ఇంకొకావిడ దగ్గర వింది, ఆవిడ తన ఆడపడుచు దగ్గర వింది. నేనూ రెండు మూడు కథలు మోశాను. నిజమని నమ్మీ కాదు, అబద్ధమని తెలిసీ కాదు. చెప్తుంటే పక్కవాళ్ళు చెవి దగ్గరగా పెట్టేవాళ్ళు, అది బాగుండేది.

మా లైనులో గుడ్డ అంచులు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను మీద ఒకావిడ ఉండేది. చిన్నా పెద్దా అందరం ఆవిడని వదినా అనే పిలిచేవాళ్ళం. ఒకరోజు తన కత్తెర కనపడలేదని వదిన హాలంతా తిరగేసింది. చివరికి అవతలివాళ్ళ సంచులు బల్ల మీద బోర్లించి దులిపించారు. దువ్వెనలు, మందు బిళ్ళలు, ఒకావిడ దాచుకున్న పిల్లవాడి ఫొటో, అన్నీ అందరి ముందూ పడ్డాయి. కత్తెర లేదు. పని వేళ ముగిసి వదిన కుర్చీలోంచి లేస్తే కత్తెర ఆవిడ కిందే ఉంది. పొద్దున్నుంచీ దాని మీదే కూర్చుంది. మేం పగలబడి నవ్వాం. సంచులు దులిపించుకున్నవాళ్ళకి మాత్రం ఎవరమూ ఒక్క మాట చెప్పలేదు. చెప్పాలని తోచనైనా లేదు.

భోజనాల గదిలో పొడుగు బల్లలు రెండు, మంచినీళ్ళ పీపా ఒకటి ఉండేవి. మాకు వేరే బల్ల, వేరే పీపా కావాలని వదిన వెళ్ళి సూపర్‌వైజరుని అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు, తలనొప్పి లేకుండా రోజు గడిస్తే చాలనుకునే మనిషి. మర్నాడు పని మొదలవకముందే మా లైనుని నిలబెట్టి, వేరే కావాలనేవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు. మొదట వదిన చెయ్యి లేచింది. తర్వాత ఆవిడ పక్కది. తర్వాత ఆ పక్కది. నేను కాజాలక్క వైపు చూశాను. ఆవిడ చెయ్యి లేచింది. నాదీ లేచింది. పద్దెనిమిది మందిలో కిందున్న చెయ్యి ఒక్కటీ లేదు. నాలుగడుగుల అవతల పద్నాలుగు మంది తలలు వంచుకుని సూదుల్లోకి దారాలు ఎక్కించుకుంటున్నారు. సూదిలోకి దారం ఎక్కించడానికి ఎవరికీ అంతసేపు పట్టదు.

మాకు వేరే బల్ల, వేరే పీపా వచ్చిన మూడు నెలలకి మరకల గొడవ వచ్చింది. తెల్ల చొక్కాల పట్టీ మీద పెసరగింజంత లేత పసుపు మరక. కొన్నవాళ్ళు పెట్టెలకి పెట్టెలు తిప్పి పంపారు. ఏ లైనువో చెప్పే చీటీలు అప్పటికే ఊడిపోయాయి. ఇస్త్రీ అయిన ప్రతి చొక్కానీ వెలుగుకి పట్టి చూడమని చెకింగ్ బల్ల దగ్గర ఇద్దరిని పెట్టారు. ఆ ఇద్దరూ మా లైనువాళ్ళే. రెండో లైను చొక్కాలని ఒక్కొక్కటీ విప్పి, కిటికీకి అడ్డంగా పట్టి, కళ్ళు చికిలించి చూసేవాళ్ళు. మావి వచ్చినప్పుడు నాలుగేసి కలిపి పక్కకి పెట్టేవాళ్ళు. వాళ్ళు కావాలని మోసం చెయ్యలేదు. మావాటిలో ఏముంటుందిలే అని నిజంగానే అనుకున్నారు. మూడు రోజులు చూశాక మరకలన్నీ రెండో లైనువేనని తేలింది. తేలక ఏం చేస్తుంది?

రెండో లైనులో పట్టీలు కుట్టేవాళ్ళు ముగ్గురు. మళ్ళీ కబురు చేసేదాకా రావద్దని ముగ్గురినీ పంపేశారు. వాళ్ళలో ఒకమ్మాయి బాగా పొడుగు, అందరూ పొడుగమ్మాయి అనేవాళ్ళు. పెళ్ళయి ఏడాది, భర్త ఎక్కడో దూరాన పనిలో ఉన్నాడు. కుట్టు గీత గీసినట్టు ఉండేది. వెళ్ళేటప్పుడు సామాను సర్దుకుని మా దగ్గర ఆగింది. కాజాలక్క మిషను ఆపింది. ఏడుస్తుందేమో, బతిమాలుతుందేమో అనుకున్నాను. ఆ అమ్మాయి గొంతు మామూలుగానే ఉంది.

"మీ ఓవర్‌లాక్ ఆవిడ మేం మంచివాళ్ళం కాదనుకుని చెయ్యెత్తిందక్కా. మీరు ఏమీ అనుకోకుండానే ఎత్తారు. నాకు ఆవిడకంటే మీరే అర్థం కాలేదు."

అంతే, వెళ్ళిపోయింది. ఆరోజు కాజాలక్క రెండు పట్టీలు పాడుచేసింది. అన్నేళ్ళలో నేను చూసిన మొదటి తప్పులు అవి.

మర్నాడు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే నన్ను అడిగింది, ఆరోజు చెయ్యి ఎందుకెత్తావని. నువ్వెత్తావని ఎత్తానన్నాను. ఆవిడ కుళాయి కట్టేసింది.

"నేను నీకోసం ఎత్తానే. నేనెత్తకపోతే నువ్వు ఇబ్బంది పడతావని."

ఆ వారం ఆవిడ ఒక పని పెట్టుకుంది. మా లైనులో ఒక్కొక్కరినీ ఒంటరిగా పట్టుకుని అదే ప్రశ్న అడిగింది. మెట్ల మీద ఒకరిని, బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకరిని, బాబిన్లకి దారం చుట్టే మూల ఒకరిని. కొందరు ముందు కోప్పడ్డారు. తర్వాత అందరిదీ ఒకటే జవాబు: అందరూ ఎత్తుతుంటే నేనొక్కదాన్నీ ఎలా ఊరుకోను? వేరే బల్ల నిజంగా కావాలనుకున్నవాళ్ళు వదినతో కలిపి ముగ్గురు. మిగతా పదిహేను మందిమీ ఒకరి చెయ్యి చూసి ఒకరం ఎత్తినవాళ్ళమే. ఈ లెక్క నాకు చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. దొంగ దొరికాడని సంబరపడి, లైటు వేసి చూస్తే ఎదురుగా అద్దం ఉన్నట్టు ఉంది.

ఇంట్లో కూడా ఈ ముచ్చటే నడిచింది. అత్తగారు, ఊరికి లేని బాధ నీకెందుకమ్మా, ఉద్యోగం చూసుకో అంది. ఆవిడ భర్త అన్నం కలుపుతూ అంతా విన్నాడట. తర్వాత మరక రంగు ఎలా ఉందని అడిగాడు. లేత పసుపు, ఇస్త్రీ అయ్యాకే కనిపిస్తుంది అంది. అయితే అది మురికి కాదు, మిషను నూనె అన్నాడు. కొత్త నూనె నీళ్ళలా ఉంటుంది, గుడ్డకి అంటినా తెలియదు, వేడి తగిలితే పసుపు తిరుగుతుంది అన్నాడు. తర్వాత తన గ్యారేజీ చేతులు చూసుకుంటూ, నూనెకి ఎవరు ఎటువైపు వాళ్ళో తెలియదు, కారేచోటే కారుతుంది అన్నాడు.

మర్నాడు భోజనం వేళ ఆవిడ డబ్బా తెరవలేదు. రెండు లైన్ల నుంచీ ఆరేసి చొక్కాలు, ఇంకా కాజాలు పడనివి, తీసి ఇస్త్రీ తాత దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆయన ఫ్యాక్టరీలో అందరికంటే పాతవాడు. పన్నెండు పట్టీల మీదా ఇస్త్రీ పెట్టె రుద్దించింది. ఒక్కదాని మీదా మరక లేదు. వెనక్కి తెచ్చి తన మిషను మీద కాజాలు తీసి మళ్ళీ రుద్దించింది. నేను పక్కనే ఉన్నాను. పెట్టె జరుగుతుంటే, ఫొటో కడిగినప్పుడు బొమ్మ తేలినట్టు, పసుపు చుక్కలు ఒకటొకటిగా తేలాయి. మా లైనువి మూడు, వాళ్ళవి నాలుగు.

కాజాలక్క మిషను పైమూత విప్పింది. సూది కడ్డీ చుట్టూ నూనె పీల్చుకోవడానికి ఉండే మెత్తటి ఉన్ని చుట్ట అరిగి పీలికలైపోయింది. ఉండుండి ఒక చుక్క కిందికి జారుతోంది. వేలు పెట్టి తుడిచి ఆ వేలి వంకే చూస్తూ నిలబడింది.

తాత మంచి మనిషి. ఆవిడ మేలుకోరే చెప్పాడు. చిన్న ముక్క మార్చేస్తే సరిపోతుంది కదమ్మాయ్, మరకలు వాటంతట అవే ఆగిపోతాయి, ముగ్గురం నోరు మూసుకుంటే నాలుగో మనిషికి తెలియదు అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. కాజాలక్క ఆయన వైపు తిరిగింది.

"ఆ ముగ్గురినీ పంపేశాక మరకలు ఆగిపోతే ఏమంటారు తాతా? చూశారా, వాళ్ళు పోగానే ఆగాయి అంటారు. బతికినన్నాళ్ళూ అంటారు. నేను మిషనుని బాగుచేసినట్టు కాదప్పుడు, ఆ అబద్ధాన్ని గట్టిచేసినట్టు."

తాత పెట్టె పక్కన పెట్టేశాడు.

ఆవిడ ఆ ఏడు చొక్కాలూ భుజాన వేసుకుని భోజనాల గదిలోకి వెళ్ళింది. అందరూ ఉన్నారు. మా బల్ల దగ్గర మేము, అటు పదకొండు మంది వాళ్ళు, తలుపు దగ్గర టీ తాగుతూ సూపర్‌వైజరు. ఆవిడ రెండు బల్లల మధ్య నిలబడింది.

"మరక నాదే," అంది. "నా మిషనుది. ఇవిగో, ఇవి మూడూ మన లైనువి. ఇవి నాలుగూ వాళ్ళవి. కాజాలు తియ్యకముందు పన్నెండూ శుభ్రంగా ఉన్నాయి. తాతని అడగండి."

ముందు తేరుకున్నది వదినే. అయ్యో దానికంత బాధపడతావెందుకు, మిషను అన్నాక కారదా, నీ తప్పేముంది ఇందులో అంది. పక్కనున్నవాళ్ళు ఔనౌనన్నారు. ఒకావిడ కుర్చీ జరిపి, కూర్చో, నీళ్ళు తాగు అంది. అందరి గొంతుల్లోనూ నిజమైన ప్రేమ ఉంది. ఆవిడ కూర్చోలేదు.

"చూశారా," అంది. "నా దగ్గర మరక దొరికితే మిషను కారింది. వాళ్ళ దగ్గర దొరికిందనుకున్నప్పుడు మిషను ఎవరికీ గుర్తురాలేదు. వాళ్ళ చేతులు గుర్తొచ్చాయి, వాళ్ళ ఇళ్ళు గుర్తొచ్చాయి, వాళ్ళ పుట్టుక గుర్తొచ్చింది. మరక అదే కదా. ఆ ముగ్గురినీ వెనక్కి పిలవండి సార్."

సూపర్‌వైజరు టీ గ్లాసు కిటికీలో పెట్టాడు. పిలుద్దాం, చూద్దాం, ఇది ఒక్క మరకల సంగతే కాదు కదమ్మా, వాళ్ళ పద్ధతి గురించి చాలామంది చాలా చెప్పారు అన్నాడు. ఏం చెప్పారు, ఎవరు చెప్పారు అని ఆవిడ అడిగింది. ఆయనకి ఒక్క పేరూ దొరకలేదు. అటు బల్ల దగ్గర పదకొండు మందీ చేతుల్లో ముద్దలు అలాగే పట్టుకుని చూస్తున్నారు.

గంట కొట్టారు. అందరం మిషన్ల దగ్గరికి వెళ్ళాం. కాజాలక్క తన కుర్చీలో కూర్చుంది, స్విచ్చి మాత్రం వెయ్యలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రెండు లైన్ల నుంచీ చొక్కాలు వచ్చి ఆవిడ ముందు పడుతున్నాయి. కుప్ప పెరిగింది. కుప్ప మీద కుప్ప పెరిగింది. సూపర్‌వైజరు వచ్చి ఒంట్లో బాగా లేదా అని అడిగాడు. బాగానే ఉంది సార్, వాళ్ళు ముగ్గురూ వచ్చేదాకా కాజాలు తియ్యను అంది. గొంతు పెంచలేదు. రేపు ఎండ కాస్తుందని చెప్పినట్టు చెప్పింది.

ఆయన వదినని పిలిచి ఆ మిషను మీద కూర్చోమన్నాడు. కాజాలక్క మర్యాదగా లేచి కుర్చీ ఇచ్చింది, కుర్చీ ఎత్తు సరిచేసి మరీ ఇచ్చింది. వదిన గట్టి పనిమంతురాలే, కాని కాజా మిషనుకి కత్తి ఉంటుంది, దారం అల్లిక పూర్తయ్యాక అది దిగాలి. వదిన పెడల్ తొక్కితే కత్తి ముందే దిగింది. అయిదు చొక్కాలకి కాజాలు పడలేదు, కిటికీలు పడ్డాయి. ఆరో దానికి ఎలాగో ఒకటి సరిగ్గా వచ్చింది. సూపర్‌వైజరు దాన్ని గబగబా నా బల్ల మీద పడేసి, నువ్వు గుండీలు కానివ్వు అన్నాడు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. అప్పటిదాకా నేను పాత కుప్పలోవి కుడుతూనే ఉన్నాను. తల ఎత్తితే అక్క కళ్ళల్లో పడతానని ఎత్తలేదు. ఆవిడా నన్ను ఏమీ అడగలేదు, పక్కకి చూడను కూడా లేదు. చూసి ఉంటే నాకు కోపం వచ్చేదేమో, ఒక సాకు దొరికేది. ఆ చొక్కా బల్ల మీద పడ్డాక ఇంట్లో మా ఆయన మొహం, స్కూలు బ్యాగుతో మా పిల్ల మొహం అన్నీ కళ్ళముందు తిరిగాయి. నేను చొక్కాని మడిచాను. మడిచి పక్కన పెట్టి, చేతులు ఒళ్ళోకి తీసుకున్నాను. ధైర్యం అంటే ఇంకేదో గొప్పగా ఉంటుందనుకున్నాను, ఇలా ఒక చొక్కా మడవడమంత చిన్నగా ఉంటుందని తెలియదు.

కాసేపటికి ఇస్త్రీ బల్ల వైపు నుంచి టక్కున చప్పుడొచ్చింది. తాత పెట్టె తీగ గోడలోంచి లాగేశాడు. తర్వాత కాలర్లు కుట్టే ఇద్దరు. తర్వాత బాబిన్ల మూల అమ్మాయి. ఇద్దరు మనుషులు ఆపాక మూడో మనిషికి ఆపడం అంత కష్టం కాదని ఆరోజు చూశాను. అందరూ ఆపలేదు. సగం హాలు నడుస్తూనే ఉంది, మమ్మల్ని తిడుతూ నడిచింది. సొంతవాళ్ళ కడుపు కొట్టి పరాయివాళ్ళకి పెట్టేవాళ్ళు వీళ్ళని వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ అంది. ఆవిడకి నిజంగానే ద్రోహం జరిగినట్టు అనిపించింది. అవతలివాళ్ళు మాత్రం ఒక్కరూ ఆపలేదు, ఆపితే ముందు పోయేది తామేనని వాళ్ళకి తెలుసు. కాజాలక్క వాళ్ళని ఆపమని అడగనూ లేదు.

మర్నాడు పొద్దున్నకి కుప్ప మా నడుముల దాకా వచ్చింది. ఫ్యాక్టరీ పెద్దాయన స్వయంగా వచ్చాడు. చొక్కాలు చూశాడు, విప్పిన మిషను చూశాడు, తాతని అడిగాడు. సరే, కబురు పంపిస్తాను, పని మొదలుపెట్టు అన్నాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కాజాలక్క కదల్లేదు.

"ఎందుకు పంపారో అందరికీ తెలుసు సార్. ఎందుకు పిలుస్తున్నారో కూడా అందరికీ తెలియాలి. ఇక్కడే చెప్పండి, రెండు లైన్లూ వింటాయి."

ఆయన మొహం కందగడ్డ అయింది. ఈవిడ పని అయిపోయిందనే అనుకున్నాను. ఆయన కుప్ప వైపు చూశాడు, గడియారం చూశాడు, గొంతు సవరించుకున్నాడు. మరకలు మిషనువని, రెండో లైనువాళ్ళ తప్పు లేదని, పొరపాటు జరిగిందని నేల వైపు చూస్తూ గబగబా అనేశాడు. వెనక వరసకి వినపడలేదు. కాజాలక్క, వెనకవాళ్ళకి వినపడలేదు సార్ అంది. ఆయన మళ్ళీ చెప్పాడు. అప్పుడు ఆవిడ స్విచ్చి వేసింది.

ముగ్గురిలో ఇద్దరు తిరిగొచ్చారు. మూడో ఆవిడ అప్పటికే పిల్లలతో వేరే నగరానికి వెళ్ళిపోయింది, మళ్ళీ కనపడలేదు. కాజాలక్క ఆ మాట ఎత్తినప్పుడల్లా, గెలిచాం గెలిచాం అనకండే, ఒకామెని పోగొట్టుకుని గెలిచాం అనేది. పొడుగమ్మాయి వచ్చిన రోజు మా దగ్గర మళ్ళీ ఆగింది. మీకు థాంక్స్ చెప్పనక్కా, నా పని నాకు వచ్చింది, అంతే కదా అంది. అంతేనమ్మా అని కాజాలక్క నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వడం అది.

తర్వాత అంతా సుఖంగా ఏమీ లేదు. ఏడాది పాటు మా లైనులో సగంమంది ఆవిడతో మాట్లాడలేదు. కాజాలక్క పోయి అవతలక్క అయింది. ఆవిడ కుర్చీ ఒక రోజు విరిగి ఉండేది, ఒక రోజు మాయమయ్యేది. ఇంట్లో అత్తగారు, నేను చెప్పానా అని వారానికోసారి గుర్తుచేసేది. కాజాలక్క డబ్బా పట్టుకుని వెళ్ళి అవతలివాళ్ళ బల్ల దగ్గర కూర్చునేది. మొదట్లో వాళ్ళూ బిగుసుకుపోయారు, ఈవిడ ఎందుకొచ్చిందో అని. తర్వాత నేను వెళ్ళాను. ఆ వేసవిలో మరో నలుగురు వచ్చారు. మనసు మారి కాదు, ఆ బల్ల పైన ఫ్యాను బాగా తిరిగేది. కారణం ఏదైతేనేం, పక్కపక్కన కూర్చుని తింటూ ఒకరి పిల్లల జ్వరాలు ఒకరు తెలుసుకున్నాక, మిల్లు మూతపడిన కథ చెప్పేవాళ్ళు తగ్గారు. రెండో పీపా చిల్లిపడితే మళ్ళీ కొనలేదు. ఎవరూ అడగలేదు.

అక్కడితో ఆపితే బాగుండేది, కాని ఆవిడ కథ అక్కడ ఆగలేదు.

మూడేళ్ళ తర్వాత మరో ఆరుగురు ఆడవాళ్ళు చేరారు. కొండల వైపు నుంచి వచ్చినవాళ్ళు, మాటలో కొంచెం సాగదీత ఉండేది. అప్పటికి పొడుగమ్మాయి రెండో లైనుకి పెద్ద. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయీ వదినా ఇస్త్రీ బల్ల దగ్గర తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోవడం చూశాం. అన్నేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి నాలుగు మాటలు మాట్లాడింది లేదు. కొండవాళ్ళు చేతులు కడుక్కోరట, వాళ్ళ దగ్గర పెట్టిన వస్తువు పెట్టినచోట ఉండదట. కాజాలక్క మిషను ఆపి లేచి వెళ్ళింది.

"ఎన్నాళ్ళకి కలిశారమ్మా మీరిద్దరూ. వేరే దేనికైనా కలిసి ఉంటే సంతోషించేదాన్ని."

పొడుగమ్మాయి నొచ్చుకుంది. మా సంగతి వేరక్కా, మాకు జరిగింది అన్యాయం, వీళ్ళు నిజంగానే అలాంటివాళ్ళు, నేను చూశాను కదా అంది. కాజాలక్క ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. మీ గురించి మా లైను అన్నదీ ఇదే తల్లీ, నిజంగానే అన్న మాటతో సహా అంది. ఆ అమ్మాయి భుజం విదిలించుకుని వెళ్ళిపోయింది. నెల రోజులు మాట్లాడలేదు. ఆ నెలలో కాజాలక్కకి మా లైనులోనూ చోటు లేదు, వాళ్ళ లైనులోనూ చోటు లేదు.

ఆ ఆరుగురూ భోజనాల గదిలోకి రాకుండా వెనక మెట్ల మీద తినేవాళ్ళు. మర్నాడు ఆవిడ డబ్బా తీసుకుని, గోడ పట్టుకుని, మోకాళ్ళు కూడదీసుకుంటూ ఆ మెట్లు దిగింది. నేనూ వెనకే దిగాను. సూపర్‌వైజరు పైనుంచి చూశాడు. ఆయన జుట్టు అప్పటికి నెరిసింది. గబగబా వచ్చి, అమ్మా, మళ్ళీ గొడవ మొదలుపెట్టకండి, మీకు పుణ్యముంటుంది అన్నాడు.

"నేను మొదలుపెట్టలేదు సార్," అంది కాజాలక్క, డబ్బా మూత తిప్పుతూ. "మొదలయ్యే చోటికి ఈసారి ముందే వచ్చి కూర్చున్నాను."

ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మేం తినడం మొదలుపెట్టాం.